నెల్లూరు గొర్రెల బెత్లెహేము

తెనాలికి తిరిగి వచ్చి నేటికి పన్నెండు రోజులు. ఇంటికి రాగానే రాద్దామనుకున్నాను గాని, కళ్ళు మూసుకుంటే ఆ గుడ్డ ఇంకా గాలికి ఊగుతున్నట్టే ఉండేది. ఊగడం ఆగాక రాస్తే తప్పులు దొర్లవని ఆగాను. ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు.

నేను పాత సినిమా ప్రచార కాగితాలు పోగుచేస్తాను. యాభై రెండేళ్ళుగా ఇదే పని. జట్కా బండిలో డప్పు వాయిస్తూ వీధుల్లో విసిరిన గులాబీరంగు కరపత్రాలు, హాలు గుమ్మంలో పది పైసలకు అమ్మిన పాటల పుస్తకాలు, అద్దాల పెట్టెలో తగిలించే ఫొటో కార్డులు, ఇంటర్వెల్లో తెర మీద చూపించే గాజు స్లైడ్లు. మొత్తం రెండువేల మూడువందల పద్నాలుగు. ప్రతిదానికీ ఒక చీటీ ఉంటుంది. దొరికిన తేది, ఊరు, ఇచ్చినవారి పేరు రాస్తాను. చూడవచ్చినవాళ్ళు ఈ వయసులో ఇంత సినిమా పిచ్చి ఏమిటండీ అంటారు. నేను డెబ్భై మూడేళ్ళలో చూసిన సినిమాలు నలభై దాటవు. నా వెతుకులాట వేరు.

మా నాన్న కోటయ్య సినిమా బ్యానర్లు వేసేవారు. 1959 నుంచి మూడేళ్ళు నెల్లూరులో ఒక బ్యానర్ల షెడ్డులో పనిచేశారు. ఆ తర్వాత ఇంటికి వచ్చి రెండేళ్ళకే పోయారు. బ్యానరంటే ఇప్పటి ఫ్లెక్సీ కాదు, పెద్ద కోరాగుడ్డ మీద చేత్తో వేసిన బొమ్మ. సినిమా మారగానే అదే గుడ్డకు సున్నం పూసి ఇంకో సినిమా వేసేవారు. అందుకని అచ్చు కాగితాలు మిగిలాయి గాని, ఆ బొమ్మలు వేసినవారి పని మిగల్లేదు. నా రెండువేల మూడువందల పద్నాలుగింటిలో మా నాన్న చేతి గీత ఒక్కటి కూడా లేదు.

జనవరి ఆఖరున నెల్లూరు నుంచి పాత కాగితాల వ్యాపారి మస్తాన్ గారు ఫోన్ చేశారు. వాకాడు అవతల సముద్రం ఒడ్డున ఒక పాలెంలో చర్చి దూలాల మీద చుట్టిపెట్టిన పాత బ్యానరు గుడ్డ ఉందట. నెల్లూరు షెడ్డుదే, అరవై ఏళ్ళ పైమాటేనట. తాను గుడ్డలు కొననని, ఈస్టరు దాటితే వాళ్ళు దాన్ని కోసి పడవ ఇంజన్లకు కప్పుకుంటారని చెప్పారు. నాన్న ఉన్న రోజుల్లో ఆ షెడ్డులో పనివాళ్ళు నలుగురని అమ్మ చెప్పేది. అంటే అది నాన్నది కావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ఇంతకన్నా మంచి అవకాశం నాకు ఇక రాదు. బయలుదేరే ముందు మా ఇంట్లో అన్నిటికన్నా పొడవైన గోడ కొలుచుకున్నాను. పదకొండు అడుగులు.

ఆ పాలెం పేరు రాయను. అక్కడివారు వద్దన్నారు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నెల్లూరు, మంగళవారం

ఫిబ్రవరి పద్దెనిమిది. మధ్యాహ్నం మస్తాన్ గారి కొట్టుకు వెళ్ళాను. కొట్టు వెడల్పు ఆరడుగులు ఉంటే ఎక్కువ. లోపల మాత్రం సందులాగా వెనక్కి వెనక్కి పోతూనే ఉంటుంది. పాత వార్తాపత్రికల కట్టలు, శుభలేఖలు, రద్దయిన పాఠ్యపుస్తకాలు. పైన రేకు చిల్లులోంచి పడిన ఎండలో కాగితపు దుమ్ము లేస్తూ దిగుతూ ఉంది. ఆయన ఒక అట్టపెట్టె నా ముందు పెట్టి, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నంత తీరిగ్గా కూర్చున్నారు. బేరం ఆడడం ఆయనకు ఇష్టముండదు, చూస్తూ కూర్చోవడం ఇష్టం.

టూరింగ్ టాకీసు కరపత్రం ఒకటి దొరికింది. గులాబీరంగు, అడుగున ఊదారంగు సిరా. సినిమా పేరున్న చోట చెదలు తినేశాయి. 'సముద్రపు ఒడ్డున చల్లగాలి, ఇసుకలో కూర్చునే సౌకర్యం' అన్న మాటలు మిగిలాయి. మా తెనాలి కరపత్రాల్లో ఫ్యాన్ల సంఖ్య వేసేవారు. ఇక్కడ ఇసుకే వేశారు. నాలుగువందలు అడిగారు, ఇచ్చాను.

పూటకూళ్ళ ఇంట్లో ఒక సంగతి చూశాను. బల్ల దగ్గర కూర్చున్న ప్రతివాడూ చేపల పులుసు నిన్నటిదా ఇవాళ్టిదా అని అడిగి, నిన్నటిదే వేయించుకుంటున్నాడు. మా ఇంట్లో నిన్నటిదని చెబితే పళ్ళెం పక్కకు నెడతారు. నేనూ నిన్నటిదే అడిగాను. మామిడికాయ ముక్క పులుసులో కరిగిపోయి, చేప మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. భోజనం నూటముప్ఫై. వడ్డించే ఆమె నా పళ్ళెం చూసి, "యాడినుంచి వచ్చినా రెండోరోజు పులుసు తిన్నాకే నెల్లూరు వచ్చినట్టు పెద్దమ్మా," అంది.

కోవూరు, బుధవారం

తెల్లవారి పెన్న వంతెన దాటుతుంటే మంచు. కింద నది కనబడలేదు. ఇసుక తిన్నెలు అక్కడక్కడ తేలి, వాటి మధ్య నీరు సన్నగా మెరిసింది. వంతెనకు అవతలి కొస లేదేమో అనిపించేంత సేపు వెళ్ళాం. గడియారం చూసుకున్నాను, నాలుగు నిమిషాలే.

ఆ నలుగురు పనివాళ్ళ కింద రంగులు నూరిన పెంచలయ్య గారు కోవూరులో ఉన్నారని మస్తాన్ గారే చెప్పారు. ఎనభై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు కూతురి బియ్యం కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నాన్న పేరు చెప్పగానే నన్ను పైనుంచి కిందికి చూశారు. ఆయనను ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగాను. ఏ ఏడు, ఏ నెల, ఎంత కాలం. మూడోసారి కూతురి వైపు తిరిగి, "పోలీసోళ్ళు గూడా ఇన్ని తూర్లు అడగరు," అన్నారు. తర్వాత నావైపు తిరిగి నవ్వారు. "నువ్వు కోటయ్య కూతురివే. ఆయనా ఇంతే."

షెడ్డులో మొహాలన్నీ మేస్త్రీవేనట. మిగిలినవాళ్ళు ఒళ్ళు, బట్టలు, అక్షరాలు వేసేవారు. నాన్న ముఖ్యమైన పని గుడ్డ మీద గళ్ళు కొట్టడం. చిన్న ఫొటోను పెద్ద గుడ్డ మీదికి ఎక్కించాలంటే రెండింటి మీదా సమానంగా గళ్ళు గీసి, అంచున అంకెలు వేసుకోవాలి.

"దారం నీలిలో ముంచి గుడ్డ మీద కొట్టేవాడు. గోరంత తేడా వచ్చిందనుకో, మొత్తం తుడిచి మళ్ళీ కొట్టేవాడు. మేస్త్రీకి ఒళ్ళుమంట. మేమందరం ఇంగ్లీషంకెలు ఏసేది. మీ నాయన ఒక్కడే తెలుగంకెలు."

నాకు పలక మీద నేర్పినవీ అవే. ఆరు వేసేటప్పుడు తోకను అవసరానికి మించి లాగేవారు. ఆ మాట పెంచలయ్య గారికి చెప్పలేదు.

ఇంకో సంగతి ఆయనే చెప్పారు. సముద్రం ఒడ్డున డేరా వేసిన టూరింగ్ టాకీసు వాళ్ళ బ్యానరు వానకు కారిపోయిందని, సరిచేసి రమ్మని మేస్త్రీ నాన్నను రంగు డబ్బాలిచ్చి పంపాడు. ఆ రాత్రే గాలివాన. డేరా పోయింది, దార్లు తెగిపోయాయి. నాన్న రెండు వారాలకు పైగా రాలేదు. వచ్చినప్పుడు చేతిలో ఒక్క డబ్బా లేదు.

"రంగులేమైనాయిరా అని మేస్త్రీ నానా మాటలన్నాడు. అయిపోయినాయి అన్నాడు మీ నాయన. అంతే. ఇంకో మాట రాలా ఆయన నోట్లోనుంచి."

ఆ ఏడు పద్దెనిమిది రోజులు నాన్న ఉత్తరం రాలేదు. అమ్మ వంటింటి గోడ మీద రోజుకో బొగ్గుగీత పెట్టేది. నాకు తొమ్మిదేళ్ళు. గీతలు లెక్కపెట్టేది నేనే. ఇన్నాళ్ళకు ఆ పద్దెనిమిది రోజులు ఎక్కడివో కోవూరులో బియ్యపు బస్తాల పక్కన తెలిసింది.

వాకాడు దారి, గురువారం

కోట అనే ఊరు దాటాక శీనయ్య అనే అతని ఆటో మాట్లాడుకున్నాను. రెండు వైపులా వరి పండుతోంది. దూరానికి పచ్చన, దగ్గరకు పసుపు. సముద్రం కనిపించే ముందే దాని గాలి వచ్చింది. మా వైపు సముద్రానికి వెళ్ళేటప్పుడు గాలి ఇంత ముందుగా రాదు.

ఆ గాలిలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. నాలుగువందల కరపత్రాన్ని ఇంకోసారి చూద్దామని సంచిలోంచి తీశాను. వేళ్ళ మధ్య నుంచి అది లేచిపోయింది. గులాబీ కాగితం వరి మీద తేలుతూ, ఒకచోట వాలుతూ, మళ్ళీ లేస్తూ పోతుంటే, దాని వెంట పడాలన్న ఆలోచన కూడా రాలేదు. ఏదో పాత మధ్యాహ్నం చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయాను. శీనయ్య ఆటో ఆపి గట్టు మీద నుంచి కేక వేశాడు. నీళ్ళు పెడుతున్న ఒకామె చీర ఎగగట్టి నడిచి వెళ్ళి పట్టుకొచ్చింది. తడిసి ఊదా సిరా అంతా అలుక్కుపోయింది. ఆమె దాన్ని ఎండకు పెట్టి చూసి, "ఏంది అక్కా, ఓట్ల కాయితమా?" అని అడిగింది. సినిమాది, అరవై ఏళ్ళ నాటిది అన్నాను. "అయితే ఆట అయిపోయుంటాది," అని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

పాలెం, గురువారం మధ్యాహ్నం

సర్వి తోపు దాటితే పాలెం. మేము సరుగుడు అనే చెట్లను ఇక్కడ సర్వి అంటారు. ఫైబరు పడవలు, నీలం వలలు, ఇసుకలో సగం కూరుకున్న పాత తెప్ప ఒకటి. చర్చిని వీళ్ళు గుడి అనే అంటారు. తెల్లసున్నం గోడలు, రేకు కప్పు. చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చుంటారు.

పాస్టరుగారికి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. పేరు విజయకుమార్. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసి తర్వాత ఈ సేవలోకి వచ్చారట. ఇక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నారు. వందనాలని చేతులు జోడించి, ముందు అన్నం పెట్టించారు. ఎండునెత్తళ్ళ వేపుడు, చారు. తిన్నంతసేపూ ఆయన ముఖంలో ఒక ఇబ్బంది కనిపించింది. చివరకు చెప్పారు. గుడిలో క్రిస్మస్ నాటకానికి కట్టే తెర వెనుక వైపు సినిమా బొమ్మ ఉంది. సినిమా చూడవద్దని బోధించే చోట ఇది బయట తెలిస్తే బాగుండదు. గూడూరులో ఫ్లెక్సీకి చెప్పాం, అడ్వాన్సు కూడా ఇచ్చాం. ఈ గుడ్డను మీరు తీసుకుపోతే మాకు మేలు.

నలుగురు యువకులు దూలాల మీద నుంచి పద్దెనిమిది అడుగుల సర్వి కర్రను తాళ్ళతో దించారు. గుడ్డ జారి నేలకు తాకింది. నేను వచ్చింది సినిమా బొమ్మ కోసమని, నన్ను తెరకూ వెనుక గోడకూ మధ్య సందులోకి పంపారు.

సందు మూడడుగులు. అందులో నిలబడితే బొమ్మ మొత్తం ఒకసారి కనబడదు. ఒక కన్ను నా తలంత ఉంది. కాస్త నడిస్తే చెవి, మల్లెపూలు, మళ్ళీ నడిస్తే పెదవి. ఎవరో చాలా పెద్దావిడ నిద్రపోతుంటే పక్కన మెల్లగా నడుస్తున్నట్టు ఉంది. ముక్కుపుడక ఉండవలసిన చోట మాత్రం రంగు లేదు. అరచేతి మేర గుడ్డ బయటపడి నునుపుగా మెరుస్తోంది. పురుగు కొట్టిందేమో అనుకున్నాను.

అడుగున అంచు మడిచి కుట్టారు. పిన్నీసుతో నాలుగు కుట్లు విప్పాను. లోపల బొగ్గుతో వేసిన అంకెలు ఉన్నాయి. ఇంగ్లీషంకెలు. ఇంకో చోట విప్పాను. అవే. మూడోచోట విప్పడానికి చేయి రాలేదు.

బయటకు వచ్చి పాస్టరుగారికి ఉన్నమాట చెప్పాను. ఇది నేను వెతికేది కాదు, నేను ఉంచుకోవడం న్యాయం కాదు. ఆయన నొచ్చుకున్నారు. అందరూ వెళ్ళిపోయారు. నేను గుడి మెట్టు మీద కూర్చున్నాను. నాలుగింట మూడు వంతులు కూడా జరిగే అవకాశమేనని నాకు బయలుదేరేటప్పుడే తెలుసు.

పాలెం, అదే సాయంత్రం

ఒక పెద్దావిడ చీపురుతో వచ్చి నా చుట్టూ ఊడ్చింది. కాలు తియ్యమంది. తీశాను. రెండో కాలూ తియ్యమంది. ఈమె మార్తమ్మ. గుడి శుభ్రం చేసేది ఈమే. పుట్టిన ఏడు తెలియదట గాని, గాలివాన నాటికి పదకొండేళ్ళట. లెక్క వేస్తే నాకన్నా రెండేళ్ళు పెద్ద. అక్కా అన్నాను.

"అంతదూరం నుంచి వచ్చి మొకం అట్ట పెట్టుకోని కూర్చున్నావేంది?" అని అడిగింది.

మా నాన్న వేసిన బొమ్మేమోనని వచ్చాను, కాదు అన్నాను. గాలివానలో ఈ ఒడ్డునే ఎక్కడో చిక్కుకున్నారట, రంగు డబ్బాలతో వచ్చారట అని చెప్పాను. మార్తమ్మ చీపురు గోడకు ఆనించింది.

"రంగులాయన కూతురివా నువ్వు?"

తర్వాత ఆమె చెప్పింది ఇది. గాలివానకు పాలెంలో ఇళ్ళన్నీ పోతే ఊరంతా ఈ గుడిలోనే తలదాచుకుంది. డేరాలో చిక్కుకున్న రంగులాయన కూడా, తెగిపోయిన బ్యానరును ఒంటికి చుట్టుకుని గుడిలోకి వచ్చి పడ్డాడు. దార్లు బాగయ్యేదాకా పూటకొకరు ఆయనకు గంజి పోశారు. పదిహేను రోజుల్లో క్రిస్మస్. నాటకం తెర గాలికి పోయింది. పిల్లలు ఏడుస్తుంటే, ఈ గుడ్డ ఉంది, దీని వెనుక వైపు వేస్తాను, కథ చెప్పండి అన్నాడు. డేరావాళ్ళు ఆ గుడ్డ కోసం తిరిగి రానేలేదు. రంగులాయనకు యేసు పుట్టిన కథ తెలియదు. మార్తమ్మ తండ్రి రోజూ బైబిలు చదివి వినిపించాడు.

"మా నాయన్ని సతాయించినాడు. గొల్లోళ్ళు ఎంతమంది, గొర్రెలెన్ని అని. అది రాసిలేదయ్యా అంటే ఊరుకోడు. లెక్క లేకుండా ఎట్ట ఏసేది అంటాడు. పొద్దున్నే లేచి పోయి, గాలివానకు సావకుండా మిగిలిన గొర్రెల్ని లెక్కబెట్టుకోని వచ్చినాడు. అయ్యే ఏసినాడు."

"ఎన్ని?" అన్నాను.

"నువ్వే ఎంచుకో పో."

తెర ముందు వైపుకు వెళ్ళాను. పడమటి కిటికీలోంచి ఎండ దాని మీద పడుతోంది. అది బెత్లెహేము. ఎగువన బట్టలకు పెట్టే నీలిమందుతో వేసిన ఆకాశం, సున్నంతో వేసిన నక్షత్రం. కింద సముద్రం. బెత్లెహేములో సముద్రం లేదని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. ఒడ్డుకు లాగిన తెప్పలు, వంగిపోయిన సర్వి చెట్లు. తాటాకు పాక ముందు తలగుడ్డ చుట్టుకున్న యోసేపు, నేల మీద కూర్చుని బిడ్డను చూస్తున్న మరియ. వాళ్ళ చుట్టూ గొర్రెలు. పటాల్లో చూసే ఉన్నిముద్దలు కావు. పొడుగు కాళ్ళు, వేలాడే చెవులు, నిక్కిన మెడలు, ఈ మూడు రోజులూ దారి పొడుగునా నాకు అడ్డం వచ్చిన నెల్లూరు గొర్రెలు. గాలి లోపలికి వచ్చినప్పుడల్లా తెర ఊగి, అవి ఒక అడుగు నడిచి ఆగుతున్నాయి. పదిహేడు. మూడుసార్లు లెక్కపెట్టాను.

అంకెల సంగతి చెబితే, ముందు వైపుకు మడిచిన పక్క అంచు కుట్టు మార్తమ్మ తానే విప్పింది. నీలి గీతల చివర, ఒకటి నుంచి పద్దెనిమిది దాకా, తెలుగంకెలు. ఆరు తోక పొడవుగా, ఏడును తాకేదాకా ఉంది.

నా కళ్ళద్దాలు మసకబారాయి. తుడిచి పెట్టుకున్నాను. మళ్ళీ మసకబారాయి. మార్తమ్మ కొంగు ఇచ్చి, "ఆయన పేరేంది?" అని అడిగింది. కోటయ్య అన్నాను. ఆమె ఆ పేరును రెండుసార్లు తనలో తాను అనుకుంది. ఊరి అన్నం తిన్నవాడిని, అరవై ఏళ్ళకు పైగా పేరు తెలియకుండానే తలుచుకుంటున్నామని చెప్పింది.

పాలెం, శుక్రవారం

గురువారం రాత్రే సంగతి చెప్పి, గుడ్డ తీసుకుపోతానంటే పాస్టరుగారి సంతోషానికి హద్దు లేదు. గుడ్డ మీదే అన్నారు, సొమ్ము వద్దన్నారు. ఉదయం చేపల లారీ తెనాలి మీదుగా పోతుందని, కర్రతో సహా పైన కట్టిస్తానని చెప్పారు. రాత్రంతా నేను ఆ పదకొండు అడుగుల గోడ మీద పద్దెనిమిది అడుగుల ఆకాశాన్ని అమర్చుకుంటూ నిద్రపోయాను.

పొద్దున ఏడుగంటలకు గుడికి వెళ్ళేసరికి ఊరు అక్కడే ఉంది. తెర తీసుకుపోతున్నారని తెలిసింది కాబోలు. ఒక్కొక్కరే తెర వెనుక సందులోకి వెళ్ళి, అటు నుంచి వస్తున్నారు. పిల్లలు, వలలు భుజాన వేసుకున్న మగవాళ్ళు, చంకలో బిడ్డలున్న ఆడవాళ్ళు. నేను కూడా వెళ్ళి చూశాను. ప్రతివారూ ఆ పెద్ద ముఖం ముందు ఆగి, ముక్కుపుడక ఉండవలసిన చోట చెయ్యి ఆనించి వెళ్తున్నారు. చిన్నపిల్లలను ఎత్తి తాకిస్తున్నారు.

మార్తమ్మ నా పక్కకు వచ్చింది. నాటకంలో వేషం కట్టినవాళ్ళంతా తమ వంతు వచ్చేదాకా నిలబడేది ఈ సందులోనేనట. భయం పుడితే ఈ బొమ్మ ముక్కుపుడక ముట్టి వెళ్తారట. ముడితే మాట మరిచిపోరట. పురుగు కొట్టిందనుకున్న చోట అరవై క్రిస్మసుల చేతులు ఉన్నాయి. ముందు కూర్చుని చూసేవారికి ఇటువైపు ఏం జరుగుతుందో తెలియదు. వేషం కట్టినవారు చెప్పరు.

పాస్టరుగారు కూడా అప్పుడే వచ్చి చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది. ఇదేం పని, దేవుని గుడిలో అని మొదలుపెట్టారు. మార్తమ్మ గొంతు పెంచలేదు.

"అయ్యగారూ, ఈమెను ముట్టకుండా ఈ ఊళ్ళో దేవదూత అయినోళ్ళు ఎవురూ లేరు. మీ అత్తగారితో సహా."

వెనుక ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. అది పాస్టరుగారి భార్యే. తానూ మూడేళ్ళు దేవదూత వేషం కట్టానని ఆమె నెమ్మదిగా ఒప్పుకుంది. ఆయన ఇద్దరినీ చూసి, ఆ పెద్ద ముఖాన్ని చూసి, చివరకు తానూ నవ్వారు.

బయట లారీ హారన్ కొట్టింది. యువకులు తాళ్ళు పట్టుకుని నావైపు చూశారు. మా గోడకు ఈ గుడ్డ పట్టదు. పట్టకపోతే చుట్టి, రెండువేల మూడువందల పద్నాలుగు కాగితాల పక్కన పెట్టాలి. నేను పోయాక ఎవరో ఒకరు విప్పి చూస్తారు, చూడకపోవచ్చు. ఇక్కడ ఏటా ఒక రాత్రి ఊరంతా చూస్తుంది. నా జీవితంలో దొరికినదాన్ని వదిలి వచ్చిన రోజు లేదు. ఎలా వదలాలో కూడా నాకు తెలియదు. అందుకని నాకు తెలిసిన పద్ధతిలోనే మాట్లాడాను.

"పాస్టరుగారూ, ఈ గుడ్డ నిన్న నాకిచ్చారు కదా?"

"ఇచ్చినామమ్మా."

"అయితే దీన్ని ఎక్కడ ఉంచాలో చెప్పే హక్కు నాది. ఇక్కడే ఉంచండి. కోయవద్దు. ఏటా కట్టాలి."

ఫ్లెక్సీ మాటేమిటని ఆయన అడిగారు. రోడ్డు మీద, వచ్చేపోయేవారికి కనబడేలా కట్టమన్నాను. ఊరి పేరు మాత్రం ఎక్కడా రాయవద్దని ఆయన అడిగారు, మాట ఇచ్చాను. లారీ చేపలతో మాత్రమే వెళ్ళిపోయింది. కర్రను మళ్ళీ దూలాల మీదికి లాగుతుంటే నీలం పొడి రాలి అందరి తలల మీదా పడింది. ఎవరూ దులుపుకోలేదు.

మార్తమ్మ ఊరుకోలేదు. గుడ్డ నీదైతే డిసెంబరులో నువ్వూ రావాలంది. వచ్చి ఊరికే కూర్చోవడం కుదరదంది. యోసేపు, మరియ బెత్లెహేముకు వచ్చింది జనాభా లెక్కలో పేరు రాయించుకోవడానికేనట, నాటకంలో ఆ లెక్కలు రాసే గుమాస్తా వేషం ఒకటి ఉంది. ఏటా ఎవరో ఒక కుర్రాడు వేసి, కాగితం చూడకుండా దిక్కులు చూస్తుంటాడట.

"నీకు కళ్ళద్దాలుండాయి, పుస్తకం ఉండాది, మొకాన నవ్వు లేదు. నీకంటే బాగా ఎవురు చేస్తారు?"

డెబ్భై మూడేళ్ళలో నేను వేదిక ఎక్కలేదు. సరేనన్నాను. నాకు ఉన్నది ఒకే మాట. బెత్లెహేముకు వచ్చిన ప్రతివారినీ ఆపి, "నీ పేరేమి? నీ తండ్రి పేరేమి?" అని అడిగి రాసుకోవాలి. రోజూ సాయంత్రం అద్దం ముందు అనుకుంటున్నాను. మొదటి ప్రశ్న బాగానే వస్తోంది. రెండోదాని దగ్గర గొంతు నిలవడానికి ఇంకా తొమ్మిదిన్నర నెలల వ్యవధి ఉంది.